గడప దాటని అల్మార

నిన్న పొద్దున మా మనవరాలి ఇంటికి వెళ్లేసరికి లోపల మరలు తిప్పే మిషన్ గుర్రుమంటోంది. కరీంనగర్‌లోనే ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారుతున్నారు వాళ్లు. సామాన్లు కట్టడానికి వచ్చిన ఇద్దరు మనుషులు పడగ్గదిలోని బీరువా విప్పుతున్నారు. అట్టపెట్టెలో పలకలు పలకలుగా వచ్చి, ఇంట్లో బిగించుకునే రకం అది. ఇల్లంతా చెక్కపొట్టూ జిగురూ కలిసిన వాసన. ఒక పలక తన గాడిలోంచి ఊడి వస్తూ కిర్రుమంది చూడండీ, నా ఒళ్లు ఝల్లుమంది. ఈ వయసులో ఒళ్లు ఝల్లుమనే సంగతులు ఎన్నని ఉంటాయి! చెంగు బొడ్లో దోపి లోపలికి దూరాను.

మరలన్నీ నేలమీద కుప్ప పోశారు. ఏది ఏ పలకదో ఆ దేవుడికే తెలియాలి. అద్దం బిగించిన తలుపును పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, దానిమీద ఇంకో పలక వేశారు. నాకు ఊపిరాడలేదు. అద్దాన్ని ఎప్పుడూ అంచు మీద నిలబెట్టాలి నాయనా, పడుకోబెడితే పగులుతుంది అని మొదలుపెట్టాను. తలుపులు ముందు, అరలు తరువాత, పైకప్పు ఆ తరువాత, పక్క గోడలు చిట్టచివర అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మనవరాలు వచ్చి, నానమ్మా నువ్వు కాసేపు కూర్చో, నీకు బీపీ అంది. బీపీ కాదే, సంబరం అన్నాను. చాలామందికి ఇల్లు మారడమంటే తలనొప్పి. నాకు మాత్రం పెళ్లివారి ఇల్లే. ఈ పిచ్చి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. జంగ్లాత్ రాజవ్వ అంటించింది.

జంగ్లాత్ అంటే అడవిశాఖ, నిజాం నాటి నుంచి మా వైపు నిలిచిపోయిన మాట. రాజవ్వ భర్త ఆ శాఖలో జవాను. ఉట్నూరు, జైనూరు, ఆసిఫాబాదు అడవుల్లో ఆయనను ఎక్కడ వేస్తే అక్కడికి ఆమె సంసారం మోసుకుంటూ తిరిగింది. ఆయన నౌకరీ అయిపోయాక గోదావరికి ఇవతల, జగిత్యాల దగ్గరి పల్లెలో స్థిరపడ్డారు. నేను కోడలిగా వెళ్లిన ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక మట్టిగోడే అడ్డం. నిండైన మనిషి, నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా, వాడకట్టంతా వినిపించే గొంతు. ఆమెది మా తల్లిగారి ఊరే కావడంతో చిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను పిల్లా అనేది. నాకు పిల్లలు పుట్టినా పిల్లానే.

మిగతా ఆడవాళ్లు పుట్టిళ్ల గురించి చెప్పుకుంటే రాజవ్వ తాను మారిన ఇళ్ల గురించి చెప్పేది. అందులో ఒకటి నాకు ఎన్నిసార్లు విన్నా తనివి తీరేది కాదు. ఉట్నూరు అవతల ఏదో కాపలా చౌకీకి మారమని హుకుం వచ్చింది. సగం దారిలో వాగు పొంగింది. బండ్లు ఇక కదలవు, మూటలైతే నెత్తిన పెట్టుకుని దాటిస్తాం గానీ ఈ టేకు మంచం మా వల్ల కాదు, ఇక్కడే వదిలెయ్యమన్నారు కూలీలు. భర్త కూడా పోనీలెమ్మన్నాడు. రాజవ్వ బండి దిగి, ఒడ్డునే కూర్చుని, మంచాన్ని కోడుకు కోడు, పట్టెకు పట్టె విప్పించింది. విడివిడిగా అయితే ఎవరికీ బరువు కాలేదు. అవతలి ఒడ్డున ఆ నడి అడవిలో మళ్లీ బిగించుకుని, వదిలెయ్యమన్న వాళ్లందరూ చూస్తుండగా పట్టపగలు దాని మీద కాళ్లు చాపుకుని పడుకుందట. భర్త గొడుగు పట్టాడట. ఈ చివరి ముక్క చెబుతున్నప్పుడు అరుగు మీద కూర్చున్న ఆ ముసలాయన సిగ్గుపడి అటు తిరిగేవాడు.

"ఇల్లంటే గోడలనుకుంటున్నవా పిల్లా? గోడలు సర్కారువి. ఇప్పుకోని పట్కపొయ్యేటియే మనయి" అనేది.

నేనేమో పుట్టి పెరిగిన ఊరు, మెట్టిన ఊరు తప్ప ఇంకో ఊరెరగను. ఆమె మాటలు వింటుంటే నాకు అరికాళ్లు దురద పెట్టేవి.

ఇక అల్మార సంగతి చెప్పాలి. మా వైపు చెక్క బీరువాను అల్మార అంటారు. నా పెళ్లికి మా బాపు టేకు పలకలు బండిలో వేయించి, వడ్రంగం చేసే వడ్ల ఆయన్ను వెంట పంపాడు. ఆయన మా అత్తగారింటి నడిమి గదిలోనే కూర్చుని చెక్కి, పలకల కొసలకు కుసులు తీసి, అవి దూరే తొలులు తొలిచి, కొయ్యచీలలతో బిగించి దాన్ని నిలబెట్టాడు. ఇనుప మేకు ఒక్కటి కొట్టలేదు. ఒక తలుపుకు నిలువుటద్దం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వచ్చి చూసిపోయేవాళ్లు. అంతా అయ్యాక తెలిసింది, అది గది తలుపు కన్నా ఎత్తు, వెడల్పు కూడా ఎక్కువేనని. ఎవరికీ దిగులు కలగలేదు. కోడలు గానీ దాని అల్మార గానీ ఇంక ఎక్కడికి పోతాయని?

మా ఆయనకు బెల్లంపల్లి వైపు ఒక బొగ్గుగని, మా మాటలో బొగ్గుబాయి, ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. మొదట్లో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటూ వీలైనప్పుడల్లా ఇంటికి వచ్చి వెళ్లేవాడు. రావడమంటే గోదావరి దాటాలి, మా రేవు దగ్గర అప్పటికింకా వంతెన లేదు. వానలు పోయాక, మక్కలు, అదే మొక్కజొన్నలు, ఇంటికి వచ్చిన రోజుల్లో, మెరిసిపోతున్న మొహంతో వచ్చాడు. క్వార్టర్ ఇచ్చారట. రెండు గదులు, వాకిట్లో నల్లా, తీగె లాగితే వెలిగే దీపం. రాత్రంతా నాకు అదే కల. ఇద్దరమే ఉండే ఇల్లు. గిన్నె మూత తీయడానికి ఎవరినీ అడగనక్కర్లేని వంటిల్లు.

మామ నా పెళ్లికి ముందే పోయాడు. వ్యవసాయమూ ఇల్లూ అత్తే నడిపేది. దొడ్డ మనిషి, కానీ మాట కటువు. వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లు కూర్చుని మక్కలు ఒలుస్తున్నారు. మా ఆయన అక్కడే నిలబడి, కమలను తీసుకుపోతానని నా పేరు చెప్పి గొణిగాడు. మరిదికి రాబోయే మాఘంలో పెళ్లి, ఇంటికి ఇంకో కోడలు వచ్చేదాకా ఆగమంటుందేమో అనుకున్నాను. అత్త కంకి మీదనుంచి చూపు తిప్పకుండా అంది:

"నా కోడల్ని ఎవలాపిండ్రు? దాని అల్మార ఎన్నడు గడప దాటుతదో అదిగూడ అన్నాడే దాటుతది."

వాకిలి వాకిలంతా గొల్లుమంది. అందరికీ తెలుసు కదా ఆ అల్మార ఆ తలుపులో పట్టదని. దానికి తోడు మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వుకు ఆయన తిరిగి బయల్దేరేదాకా నేను పలకరించలేదు. నవ్వనిది రాజవ్వ ఒక్కతే. చేతిలోని కంకి పక్కన పెట్టి, నలుగురిలో ఆడిన మాటేనా వదినే అని అత్తను అడిగింది. మాటేనంది అత్త. మంచిదని మళ్లీ కంకి అందుకుంది రాజవ్వ.

పొద్దు వాలకముందే పెరటి వైపు నుంచి వచ్చింది. నేను వంటింట్లో మోకాళ్లలో తల పెట్టుకుని ఉన్నాను. ఏడుపు బంద్ చెయ్యమంది. కొయ్యసుత్తి ఉందా అని అడిగింది. ఉంది. దానికి చుట్టడానికి పాత గుడ్డ? అదీ ఉంది. "ఇంక ఫికరెందుకు? నిలవడి దాటకపోతే పండుకోని దాటుతది" అంది. నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం లేచి ఆ ఆకూవక్కా నోటితో ఉన్న మనిషిని కావలించుకున్నాను.

ఆ మర్నాటి నుంచి మా నడిమి గది ఒక జాతర. నేను అల్మార ఖాళీ చేశాను. తాను విప్పుతుందేమో అనుకుంటే రాజవ్వ గంప బోర్లించి దాని మీద కూర్చుంది. వేలు కూడా పెట్టనంది. "నేనిప్పితే బిగిచ్చెతందుకు గూడ నేనే రావాలె. నువ్వే ఇప్పు. నీ చేతికి ఎరుకగావాలె." బతిమాలినా లేవలేదు. ఆమె చెప్పడం, నేను చేయడం. నా చేతులు పొరపాటు పడ్డప్పుడల్లా ఆమె కంఠం పక్కింటి గోడ దాటేది.

కొయ్యచీల ఒక కొస సన్నం, ఒక కొస లావు ఉంటుంది. లావు వైపు కొడితే ఇంకా బిగుస్తుంది. రెండు వైపులా బొటనవేలితో తడిమి, సన్నం కొస ఎటుందో చూసుకుని అటు నుంచి కొట్టాలి. అంత తడిమి కొట్టినా మొదటి రోజు ఒక్కటీ కదల్లేదు. వానాకాలపు చెమ్మకు టేకు ఉబ్బింది. గట్టిగా కొట్టబోతే రాజవ్వ సుత్తి లాక్కుంది. కుంపట్లో నిప్పులు పోసి అల్మారకు జానెడు దూరంలో పెట్టించి, గది తలుపులు మూయించింది. మధ్యమధ్య వెళ్లి చెక్క మీద చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే కుంపటి జరపాలి. అత్త పొలం నుంచి వచ్చి సెగ తగిలి లోపలికి దూసుకొచ్చింది. అల్మార కోసం కొంప అంటుపెడుతున్నారా అని ఇద్దరినీ దులిపింది. కానీ ఆపమనలేదు. నలుగురిలో ఆడిన మాట ఒకటి ఉందిగా. గడపలో కూర్చుని కాపలా కాసింది.

రెండు పగళ్లు అలా ఆరబెట్టాక మొదటి చీల కదిలింది. గుడ్డ చుట్టిన సుత్తితో తట్టాను, మళ్లీ తట్టాను, టక్కుమని అవతల పడింది. నేను వేసిన కేకకు వీధిలో పోయేవాళ్లు ఆగారు. ఇక ఆగలేదు నేను. మడతబందులు విప్పి తలుపులు దించాను. అరలు లాగాను. వెనక పలకలు జారాయి. కుసి తన తొలిలోంచి బయటికి వచ్చేటప్పుడు కిర్రుమంటుంది చూడండి, ఆ చప్పుడు నాకు సన్నాయిలా వినిపించింది. చీలలను సామాన్లలో వేయవద్దనీ, సంచిలో పోసి నడుముకు కట్టుకోమనీ రాజవ్వ చెప్పింది. సామాను పోతే వెతుక్కోవచ్చు, చీల పోతే అల్మార పోయినట్టే.

అన్నిటికన్నా ముఖ్యమైనది గుర్తులు. చేత్తో చెక్కిన పని కనుక ఏ కుసైనా దాని తొలిలోనే పడుతుంది. పొరపాటున పక్కదానిలో దిగ్గొడితే చీలిపోతుంది. అందుకని ఊడదీసిన ప్రతి చోటా కుసికీ తొలికీ జోడుగా బొట్లు పెట్టించింది. ఎడమ పక్కకు కుంకుమ, కుడి పక్కకు పసుపు. కిందిదానికి ఒకటి, దాని పైదానికి రెండు, అలా పైకి. సుద్ద రుద్దుకుపోతుందట, బొగ్గు మరకవుతుందట. అడవుల్లో ఉన్నన్నాళ్లూ తాను ఇలాగే చేసేదట. బొట్లు పెట్టుకున్న ఆ పలకలు గోడకు ఆనుకుని నిలబడ్డాయి. ఒక్కొక్కటే ఎత్తి నేనే గడప దాటించాను. చివరి పలక వాకిట్లో పెట్టి అత్త వైపు చూశాను. గర్వంగానే చూశాను, ఎందుకు దాచాలి?

అత్త చాలాసేపు పలకలను చూసింది. "చెక్కలు దాటినయి. అల్మార దాటిందా?" అంది. పలకలు తీసుకెళ్లి అక్కడ పొయ్యిలో పెట్టుకుంటారో ఏమో, తాను స్వయంగా వస్తానంది. బెల్లంపల్లిలో అల్మార మళ్లీ నిలబడితే నేను అక్కడే ఉండొచ్చు. నిలబడకపోతే తనతోపాటే వెనక్కి రావాలి. రాజవ్వ మాత్రం అది న్యాయమేనంది. నాకు ఒళ్లు మండింది. ఆమె ఎవరి పక్షమో నాకు బోధపడలేదు.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం వాడకట్టంతా తిరిగి పోయొస్తానని చెప్పి, ఇంటింటా బొట్టు పెట్టించుకుని వచ్చాను. వచ్చేసరికి పలకలన్నీ పాత బొంతల్లో చుట్టి, తాళ్లతో కట్టి ఉన్నాయి. అత్తా రాజవ్వా కలిసి కట్టారు. మూలలకు గడ్డి దట్టించి, అద్దం తలుపును రెండు బొంతల మధ్య అంచు మీద నిలబెట్టి, ఎంత పొందికగా కట్టారో. సంతోషంతో నేను మూటల్లోకి తొంగిచూడలేదు.

తెల్లవారుజామున బండి కట్టారు. అత్తకు తోడుగా మరిది కూడా బయల్దేరాడు. రాజవ్వ వీధి మొగ దాకా వచ్చింది. అందరూ కళ్లు ఒత్తుకుంటుంటే ఆమె ఒక్కతే తనే మారుతున్నట్టు వెలిగిపోతూ, తాడు బిగి చూసి, ఎద్దుల్ని అదిలించి, నన్ను చూసి నవ్వింది. రేవులో పడవవాడు పలకలు చూసి, ఇట్ల పండవెట్టి తెచ్చిండ్రు గాబట్టి సరిపోయింది, నిలువు అల్మారైతే పడవెక్కనియ్యకపోదును అన్నాడు. అద్దాన్ని మరిది పట్టుకుంటానంటే అత్త ఇవ్వలేదు. గోదావరి పొడుగునా ఒళ్లో నిలబెట్టుకుని, రెండు చేతులా వాటేసుకుని కూర్చుంది. నీళ్లు అంచుల దాకా నిండి ఎండకు మెరుస్తున్నాయి. నడుముకు కట్టిన చీలలు నేను కదిలినప్పుడల్లా గలగలమంటున్నాయి. భయం ఒక పక్క ఉన్నా, పడవలో లేచి నిలబడి పాడాలన్నంత సంబరం.

అవతలి ఒడ్డున మా ఆయన మాకోసం ఎదురుచూస్తున్నాడు, పక్కన ఆయన ఎరిగిన లారీ ఉంది. మమ్మల్ని దించి, తన పని చూసుకుని, పొద్దు వాలే వేళకు మళ్లీ ఇటే వెళుతుంది. అత్తా మరిదీ దాంట్లోనే తిరిగి లక్షెట్టిపేట వెళ్లి, చుట్టాలింట్లో ఆగి, మర్నాడు గోదావరి దాటాలి. లారీ వచ్చేలోగా అల్మార నిలబడితే వాళ్లిద్దరూ వెళతారు. లేకపోతే నాతో కలిపి ముగ్గురు.

క్వార్టర్ నిజంగానే మా ఆయన చెప్పినట్టే ఉంది. నల్లా తిప్పి చూశాను, తీగె లాగి చూశాను. ఎక్కడో బాయి సైరన్ కూసింది. పాలు పొంగించాం. ఇక ఆలస్యం చేయకుండా మొదటి బొంత విప్పాను.

పచ్చగా ఉంది. పలక ఆ కొస నుంచి ఈ కొస దాకా పసుపు. దాని మీద వరసగా కొత్త కుంకుమ బొట్లు. రెండోది విప్పాను, అదీ అంతే. మూడోది, నాలుగోది, అన్నీ. కుసుల మీదా తొలుల మీదా నేను పెట్టుకున్న గుర్తులు ఒక్కటి మిగల్లేదు. వాకిట్లో వక్క నములుతున్న అత్తను చూశాను. కావాలనే చేసింది అనుకున్నాను. మాట తప్పకుండానే నన్ను వెనక్కి తీసుకుపోయే ఉపాయం పన్నింది, అమ్మ ఎంత గుండెలు తీసిన మనిషి అనుకున్నాను.

తోచిన రెండు పలకలు జోడించి తట్టాను. కుసి సగంలో ఆగి సన్నగా చిట్లే చప్పుడు చేసింది. భయపడి ఊడలాగాను. మా ఆయన వడ్ల ఆయన్నెవరినైనా పిలుద్దామన్నాడు. కట్టిన ఆయనే రావాలి గానీ ఇంకొకరికి ఏం తెలుస్తుంది? పలకల మధ్య కూలబడ్డాను. ఎండ వాకిట్లోంచి అరుగు మీదికి వచ్చేసింది.

అత్త లోపలికి వచ్చి, ఏం వెతుకుతున్నావే అని అడిగింది. గుర్తులు, అన్నాను. మీరు కడిగేసిన బొట్లే నా గుర్తులు, అవి లేకుండా ఇది నిలబడదు, మీరు కోరుకున్నదీ అదే కదా అన్నాను. అత్తతో అలా మాట్లాడటం అదే మొదలు, అదే చివర.

ఆమె గభాలున పలక ముందు వంగింది. "గవి గుర్తులా బిడ్డా? బొట్లు చెదిరినయనుకుంటి. నా ఇంట్లకెల్లి పొయ్యేటి అల్మార, బోసిగ ఎట్ల తోలియ్యాలె? అందుకే కడిగి పసుపు రాసిన."

మా దగ్గర అంతే. గడప దాటి కొత్త ఇంటికి వెళ్లే దేన్నయినా, పిల్లనైనా ఆవునైనా రోకలినైనా, పసుపూ కుంకుమా లేకుండా పంపరు. నాకు తెలియని ఆచారమా? నమ్మాలో వద్దో తెలియక నేను చూస్తుండగానే అత్త చెంగు నడుముకు చుట్టింది. పలకలను ఒక్కొక్కటే వెలుగులోకి ఈడ్చి, తిప్పి, చేత్తో తడుముతూ పోయింది. ఒకదాని దగ్గర ఆగింది. దాని మీద మూరన్నర ఎత్తున అరచేతి మేర పసుపు అంటలేదు. నల్లటి నూనె మరక.

"గిది నేను ఆనుకునేటి దిక్కు" అంది. "పగటీలి తిన్నంక దీనికి ఆనుకోని కూసుందును. నా నెత్తి నూనె మరకనే గిది. కిటికీ దిక్కు, ఎడమ పక్క, ముంగటి పలక."

రోజూ చూసిన దృశ్యమే అది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అత్త అల్మారకు తల ఆనించి కళ్లు మూసుకునేది. ఆ ఇంట్లో ఆమె కూర్చునేది ఆ కాసేపే. నా అల్మారను ఆమె ఎందుకు గడప దాటనివ్వకూడదనుకుందో నాకప్పుడు తట్టింది. ఏడుపు వచ్చింది గానీ ఏడవడానికి టైం లేదు.

ఆ ఒక్క పలక దొరికాక మిగతావి దారిన పడ్డాయి. కిటికీ పక్క ఉన్నవి ఎండకు కాస్త వెలిసి ఉన్నాయి, పసుపు పక్కకు గీకితే తెలుస్తోంది. ముడి ఉన్న కుసి నన్ను సగం పూట ఏడిపించినది, అది వెనక కుడి వైపుది. చీల పట్టుకుపోయి బొటనవేలి చర్మం ఊడిన చోటు పైకప్పుది. కళ్లకు తెలియనివి చేతులకు తెలిశాయి. రాజవ్వ గంప మీద నుంచి ఎందుకు లేవలేదో అప్పుడు తెలిసింది నాకు. అత్త ఒక పక్క, మా ఆయన ఒక పక్క పట్టుకున్నారు. మరిది వెనక పలకలు జార్చాడు. నేను నడుము సంచిలోంచి చీల తీయడం, తట్టడం, తీయడం, తట్టడం. జరంత లేపు, జరంత దించు అంటూ అత్త కొడుకుల మీద అరుస్తోంది. నేను వెళ్లకూడదనుకున్న మనిషి నా అల్మార నిలబెట్టడానికి నాకన్నా ఎక్కువ చెమట కారుస్తోంది. చివర అద్దం తలుపు బిగించి మూస్తే అందులో మేమందరం కనిపించాం, మోచేతుల దాకా పసుపు పూసుకుని, ఎవరికో పెళ్లి చేస్తున్నట్టు.

అత్త భుజం ఆనించి అల్మారను నెట్టింది. కదల్లేదు. ఇంకో వైపు నుంచి నెట్టింది. అప్పుడే బయట లారీ హారన్ మోగింది. డ్రైవర్ ఎంతమంది ఎక్కుతారని కేక వేశాడు. మరిది తల్లి వైపు చూశాడు.

"ఇద్దరమే" అంది అత్త. "దాని అల్మార ఈడ ఉండంగ అది ఆడికెందుకొస్తది?"

నల్లా కింద చేతులు కడుక్కుని, తడిచెయ్యి నా నెత్తిన పెట్టి, లారీ ఎక్కింది. ఆ రోజు నేను ఎంత గెంతానో, ఆ క్వార్టర్ గోడలకు తెలుసు.

మాఘంలో మరిది పెళ్లికి ఊరు వెళ్లాను. చెప్పులు విప్పకముందే రాజవ్వ ఇంటికి పరుగెత్తి, పూస గుచ్చినట్టు అంతా చెప్పాను. ఆమె తొడ చరుచుకుంటూ వింది. అంతా అయ్యాక, నన్ను అప్పటిదాకా తొలుస్తున్నది అడిగాను. మూటలు కట్టేటప్పుడు నువ్వక్కడే ఉన్నావు కదా చిన్నమ్మా, అత్త గుర్తులు కడిగేస్తుంటే కళ్లారా చూశావు కదా, ఎందుకు ఆపలేదు? నేను ఓడిపోయి ఉంటే?

రాజవ్వ నోట్లోని వక్క పక్కకు తోసి, నన్ను ఏమీ తెలియని దాన్ని చూసినట్టు చూసింది.

"మీ అత్త పసుపుగిన్నె చేతుల వట్టుకున్నప్పుడే నువ్వు గెలిస్తివి పిల్లా. ఆమె మనసుల నిన్ను తోలిచ్చుడు అయిపాయె. గప్పుడు నేను పోయి గుర్తులు గుర్తులని ఆమె చెయ్యి వట్టుకోవాల్నా?"

రాజవ్వ పోయి ఎన్నో ఏళ్లయింది. బెల్లంపల్లి తరువాత మా సంసారం బాయి నుంచి బాయికి, క్వార్టర్ నుంచి క్వార్టర్‌కు మారుతూనే ఉంది, మారిన ప్రతిసారీ నేనే విప్పాను, నేనే బిగించాను. సుత్తి పట్టడం, చీల తీయడం ఎవరైనా నేర్పగలరు. నాకు ఆమె దగ్గర నుంచి మిగిలింది ఇంకొకటి. ఏ ఇంట్లో ఎవరు సామాన్లు కడుతున్నా నా చూపు ముందు మూటల మీదికి పోదు. వెళ్లకుండా అక్కడే ఉండిపోయే మనిషి ఎవరో, ఆ మనిషి చేతులు ఏం చేస్తున్నాయో చూస్తాను.